కారు లోపలి కష్టాలు: బేజ్ సీటు నుంచి ఘాట్ రోడ్డు వాంతి దాకా, బెంగళూరు తెలుగువాళ్ల తరచుగా అడిగే ప్రశ్నలు

మైలేజీ, పికప్ గురించి ఎవరిని అడిగినా చెప్తారు. కారు కొన్నాక రోజూ విసిగించేవి మాత్రం వేరే: మరకలు, వాసనలు, తుమ్ములు, బూజు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

## బుక్ చేసే ముందు

మా ఆవిడ బేజ్ (లేత గోధుమ రంగు) ఇంటీరియర్ అంటోంది, నాకేమో నలుపు కావాలి. ఎవరి మాట వినాలి?

ముందు ఎండ వాదన పక్కన పెట్టండి. నల్ల సీటు ఎక్కువ కాలుతుందన్నది నిజమే. కానీ సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో, అందులోనూ బేస్‌మెంట్ పార్కింగ్ ఉన్నవాళ్లకి, విజయవాడలో ఉన్నంత బాధ ఉండదు. ఆఫీసులో రోజంతా ఎండలో నిలిపేవాళ్లకి మాత్రం తేడా తెలుస్తుంది. వాళ్లకైనా ముందద్దానికి అడ్డం పెట్టే మడత సన్‌షేడ్ చేసే మేలు రంగు చేయదు.

అసలు లెక్క మురికిది. బేజ్ మీద జీన్స్ నీలం, ఎర్రమట్టి, పిల్లల చెప్పుల గుర్తులు కనిపిస్తాయి. నలుపు మీద దుమ్ము, వెంట్రుకలు, పౌడరు కనిపిస్తాయి. దుమ్ము గుడ్డతో పోతుంది, బేజ్ మీద మరక అంత తేలిగ్గా పోదు. షోరూములో సీటు పైభాగం చూసి మురిసిపోకండి. తలుపు తీసి, దిగేటప్పుడు కాలు తగిలే చోటు ఏ రంగులో ఉందో చూడండి: సీటు పక్క అంచు, డోర్ ప్యాడ్ కింది భాగం, ముందు సీటు వీపు. ఆ మూడూ ముదురు రంగులో ఉంటే బేజ్ తీసుకోవచ్చు. అవి కూడా తెల్లగా ఉండి, ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే నలుపో, ముదురు బూడిద రంగో నయం.

బేజ్ ఇంటీరియర్ అన్నారు, డ్యాష్‌బోర్డు పైభాగం మాత్రం నల్లగా ఉంది. కంపెనీ కక్కుర్తా?

కాదు. డ్యాష్‌బోర్డు పైన లేత రంగు ఉంటే దాని ప్రతిబింబం ముందద్దంలో పడి రోడ్డు కనిపించదు. ఆ పైభాగం ముదురు రంగులో, మెరుపు లేకుండా ఉండడమే మంచిది. అందుకే అక్కడ తెల్ల మ్యాట్ పరచకండి, మెరిసే పాలిష్ కొట్టకండి.

సెంటర్ కన్సోల్ మీద పియానో బ్లాక్, అంటే అద్దంలా మెరిసే నల్ల ప్లాస్టిక్ ఉంది. వారంలోనే గీతలు పడ్డాయి, ఇది లోపమా?

ఆ ప్లాస్టిక్ గుణమే అంత. పొడిగా తుడిస్తే దుమ్ములో ఉన్న ఇసుక రేణువులే గీస్తాయి. టిష్యూ పేపరు, పాత బనియను ముక్క ఇంకా అన్యాయం. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిపి పిండిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిశలో, నొక్కకుండా తుడవాలి. కారు చేతికి రాగానే ఆ భాగానికి పీపీఎఫ్ (గీతలు పడకుండా అంటించే పారదర్శక ఫిల్మ్) వేయించుకుంటే గొడవ ఉండదు. గీతలు పడ్డాక వేయిస్తే గీతలు ఫిల్మ్ కిందే ఉండిపోతాయి.

కొత్త కారు వాసనకి తలనొప్పి వస్తోంది. ప్రమాదమా?

ప్లాస్టిక్, జిగురు, ఫోమ్ నుంచి ఆవిరయ్యే రసాయనాల వాసన అది. వేడికి ఎక్కువవుతుంది, నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే ఏసీ వేసి అద్దాలు మూసుకోకండి. నాలుగద్దాలూ దించి రెండు నిమిషాలు నడిపి, ఆ తర్వాత మూయండి. సీట్ల మీది పాలిథీన్ కవర్లు మొదటిరోజే పీకేయండి. వాటిని ఏడాది ఉంచుకునే అలవాటు మన దగ్గర ఉంది. దానివల్ల వాసనా పోదు, కిందికి దిగిన చెమటా ఆరదు. వాసన చంపడానికి పెర్ఫ్యూమ్ పెట్టడమంటే తలనొప్పికి ఇంకో కారణం కొని తెచ్చుకోవడమే.

## పూజ, యాక్సెసరీలు

వాహన పూజలో సీటుకి పసుపు అంటింది. సర్ఫ్ నీళ్లతో రుద్దితే ఎర్రగా అయిపోయింది! ఇప్పుడెలా?

పసుపులో ఉండే కుర్కుమిన్‌కి క్షారం తగిలితే ఎరుపెక్కుతుంది. బట్టల సబ్బు క్షారమే. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది కూడా ఇందుకే. కాబట్టి ముందు క్షారాన్ని విరగ్గొట్టాలి. తెల్ల వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి దూదితో అద్దండి, ఎరుపు మళ్లీ పసుపవుతుంది. తర్వాత మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని తెల్ల గుడ్డకి కొంచెం తడిపి, మరక అంచు నుంచి మధ్యలోకి అద్దుతూ రండి. రుద్దితే మరక పెద్దదవుతుంది. గుడ్డకి పసుపు అంటడం ఆగేదాకా మడత మారుస్తూ ఉండండి. మిగిలిన ఛాయ ఎండకి పోతుంది, కుర్కుమిన్ వెలుతురికి నిలవదు. ఒక నాలుగు మధ్యాహ్నాలు ఆ తలుపు ఎండవైపు ఉండేలా కారు నిలపండి. అసలు తోలు సీటైతే ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచొద్దు, ముందు కనిపించని చోట చుక్క వేసి చూడండి.

పొడి పసుపు, పొడి కుంకుమ ఇంకా తడవకపోతే నీళ్ల జోలికే వెళ్లొద్దు. వాక్యూమ్ క్లీనర్‌తో లాగేయండి.

నిమ్మకాయ, గుమ్మడికాయ, కొబ్బరికాయ వల్ల పెయింటుకి ఏమైనా అవుతుందా?

నిమ్మరసం ఆమ్లం. ఎండలో ఎండితే పెయింటు మీద మచ్చ పడుతుంది. అదేరోజు మామూలు నీళ్లతో కడిగేస్తే సరి. కొబ్బరికాయ నేలమీద, బంపరుకి దూరంగా కొట్టమనండి. పిల్లర్లకి పూలదండ కట్టే సన్న తీగ గీతలు పెడుతుంది, దారంతో కట్టమనండి. కర్పూర హారతి బయట నుంచే. లోపల డ్యాష్‌బోర్డు మీద అగరుబత్తి పెడితే మసి సీలింగుకి పడుతుంది. మైసూరు రోడ్డు గాలి ఆంజనేయస్వామి గుడి లాంటి చోట్ల పండగ రోజుల్లో వరసగా బళ్లు ఉంటాయి, పూజారిగారికి ఈ రెండు ముక్కలు ముందే చెప్పుకోండి. ఆయుధపూజకి కొట్టిన బూడిద గుమ్మడికాయ ముక్కలు రోడ్డు మీద వదిలేయడం మాత్రం తప్పు. వాటిమీద టూవీలర్లు జారతాయి.

జేసీ రోడ్డులో సీటు కవర్లు వేయించుకుందామనుకుంటున్నా. ఏం చూసుకోవాలి?

సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉందేమో మొదట చూడండి. సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు వీపు అంచులోంచి, కుట్టు చీల్చుకుని బయటికి వస్తుంది. గట్టి కవరు వేసి మామూలు దారంతో కుట్టేస్తే అది ఆలస్యంగా తెరుచుకుంటుంది, లేదా దారి తప్పుతుంది. ఆ పక్క పూర్తిగా తెరిచి ఉండే కవరో, ఆ చోట తేలిగ్గా తెగే కుట్టు ఉన్న కవరో అడగండి. షాపులో "ఏం కాదు సార్, అందరూ వేయించుకుంటారు" అంటే వేరే షాపు చూసుకోండి. వెంటిలేటెడ్ సీట్ల (లోపల్నుంచి గాలి వచ్చే సీట్లు) మీద కవరు వేస్తే ఆ ఫీచర్‌కి పెట్టిన డబ్బు వృథా.

ఎండ తట్టుకోలేక సన్ ఫిల్మ్ వేయిద్దామని ఉంది. పోలీసులు పట్టుకుంటారా?

కేంద్ర మోటారు వాహన నిబంధనల 100వ నియమం ప్రకారం ముందు, వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు, ఎంత పలచగా ఉన్నా సరే, అద్దానికి విడిగా ఏ ఫిల్మూ అంటించకూడదని తీర్పిచ్చింది. తర్వాత నిబంధనలు మారాయని, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్ ఉండొచ్చని కేరళ హైకోర్టు 2024లో అంది. అది చూపించి రోడ్డు మీద వాదించే ఓపిక ఉంటేనే వేయించుకోండి. నల్ల ఫిల్మ్ అయితే వాదనకి కూడా చోటు లేదు.

## రోజూ ట్రాఫిక్‌లో

ఏసీ వేయగానే తడి సాక్సుల వాసన. గ్యాస్ నింపిస్తే పోతుందా?

గ్యాస్‌కీ దీనికీ సంబంధం లేదు. డ్యాష్‌బోర్డు లోపల ఎవాపరేటర్ అనే చల్లటి జల్లెడ ఉంటుంది. గాలిలోని తేమ దానిమీద నీళ్లయి కారుతుంది. ఇంజిన్ ఆపగానే ఆ తడి అలాగే ఉండిపోయి బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. పొద్దున ఏసీ వేయగానే వచ్చేది వాటి వాసన.

ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ మాత్రం ఆపి, బ్లోయర్ మూడో నంబరులో నడవనివ్వండి. తడి ఆరిపోతుంది. ఈ ఒక్క అలవాటుతో చాలామందికి తీరిపోతుంది. అప్పటికే వాసన ముదిరితే పాత క్యాబిన్ ఫిల్టర్ తీసేసి, ఎవాపరేటర్ క్లీనర్ ఫోమ్‌ని ఆ కారుకి ఎక్కణ్నుంచి పంపాలో తెలిసినవాళ్ల చేత కొట్టించాలి. ముందు గ్రిల్స్‌లోంచి కొడితే ఫోమ్ దారిలోనే ఆగుతుంది, వైర్ల మీద పడుతుంది. పని సరిగ్గా జరిగితే కారు కింద డ్రెయిన్ గొట్టంలోంచి మురికి నీళ్లు కారతాయి. కారకపోతే గొట్టం మూసుకుపోయినట్టే, ముందు దాని సంగతి చూడమనండి.

వాసన తియ్యగా, బెల్లప్పాకంలా ఉంటే అది బూజు కాదు. డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్ నుంచి కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం కారుతోంది. బండి నేరుగా గ్యారేజీకే.

క్యాబిన్ ఫిల్టర్ నేనే మార్చుకోవచ్చా? సర్వీసులో మార్చామంటారు, నమ్మకం లేదు.

మార్చుకోవచ్చు, పది నిమిషాల పని. చాలా కార్లలో అది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది. కొన్ని బేసిక్ మోడళ్లలో ఫిల్టర్ పెట్టే చోటుంటుంది గానీ ఫిల్టర్ ఇవ్వరు, కాబట్టి ఒకసారి తెరిచి చూడడం ఎలాగూ అవసరమే.

ఇంజిన్, బ్లోయర్ రెండూ ఆపండి. బ్లోయర్ తిరుగుతుండగా తీస్తే చెత్తంతా ఫ్యానులో పడి టకటక చప్పుడు మొదలవుతుంది. గ్లవ్‌బాక్స్ ఖాళీ చేసి, రెండు పక్కలా లోపలికి నొక్కితే స్టాపర్లు వదులుతాయి. ఒక పక్క సన్నటి డాంపర్ కడ్డీ ఉంటే దాన్ని కొక్కెంలోంచి జరపండి. బాక్స్ కిందికి వేలాడుతుంది. వెనక పొడవాటి ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది, క్లిప్పులు నొక్కి లాగండి. ఫిల్టర్ బయటికి తీసేముందు దాని అంచున ఉన్న బాణం ఎటు చూపిస్తోందో ఫోటో తీసుకోండి. కొత్తది తిరగేసి పెడితే గాలి తగ్గుతుంది, పట్టిన దుమ్ము మళ్లీ ఊడి వస్తుంది.

బెంగళూరు కారు ఫిల్టర్‌ని తలకిందులు చేసి దులిపితే ఊరి సంగతంతా పడుతుంది: మెట్రో పనుల సిమెంటు దుమ్ము, వాన చెట్టు ఆకులు, ఎండిపోయిన గులాబీ రంగు టబేబుయా రేకులు, ఒకోసారి పావురం ఈక. కంపెనీలు మామూలుగా ఏడాదికో, పదివేల కిలోమీటర్లకో మార్చమంటాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్లు ఆరు నెలలకోసారి తీసి చూడండి. కాగితం ఫిల్టర్‌ని కడిగి వాడొద్దు. పొగ వాసన బాధైతే యాక్టివేటెడ్ కార్బన్ ఉన్నది, సన్న ధూళి బాధైతే పీఎం 2.5 రకం తీసుకోండి. సర్వీసు వాళ్లని పరీక్షించాలంటే పాత ఫిల్టర్ అంచు మీద పెన్నుతో తేదీ రాసి పంపండి.

ఏసీ వల్లే జలుబు చేస్తుందంటారు ఇంట్లో. నిజమేనా?

జలుబు చేసేది వైరస్. చల్లగాలికి వైరస్ పుట్టదు. కానీ ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయలేం. ఏసీ గాలిలో తేమ తక్కువ. ముఖానికే తగిలేలా పెట్టుకుంటే ముక్కు లోపలి పొర ఎండిపోయి, దుమ్మునీ క్రిములనీ ఆపే శక్తి తగ్గుతుంది. కొందరికి ఆ చల్లదనానికే ముక్కు కారుతుంది, అది జలుబు కాదు, గాలి ఆపితే తగ్గుతుంది. గ్రిల్స్ ముఖం మీదికి కాకుండా తల పైకి తిప్పండి. 24 డిగ్రీల దగ్గర పెట్టి బ్లోయర్ తగ్గించండి. కారు ఎక్కిన ప్రతిసారీ తుమ్ములు వచ్చి, దిగిన గంటకి తగ్గుతుంటే ఏసీ మీద కాదు, ఫిల్టర్ మీద, లోపలి బూజు మీద అనుమానపడండి. దగ్గు, ఆయాసం వారాల తరబడి ఉంటే కారు సంగతి తర్వాత, డాక్టర్‌ని చూడండి.

సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో గంట నిలబడితే నిద్ర ముంచుకొస్తోంది, తల పట్టేస్తోంది. బీపీనా?

బీపీ చూపించుకోండి, తప్పులేదు. దానికంటే ముందు రీసర్క్యులేషన్ బటన్ చూడండి. అది నొక్కి ఉంటే లోపలి గాలే తిరుగుతుంది. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 పైచిలుకు. నలుగురు కూర్చుని అద్దాలు మూసి, లోపలి గాలే తిప్పుకుంటుంటే కొద్ది నిమిషాల్లోనే దానికి ఎన్నో రెట్లవుతుంది. మందకొడితనం, ఆవలింతలు అందుకే. లారీ వెనకో, పొగ కక్కే బస్సు వెనకో ఉన్నప్పుడు రీసర్క్యులేషన్ పెట్టుకోండి. పావుగంటకోసారి, కాస్త రోడ్డు ఖాళీ దొరికినప్పుడు రెండు మూడు నిమిషాలు బయటి గాలి తీసుకోండి. ఏసీ కాస్త ఎక్కువ పనిచేస్తుంది, అంతే.

కార్‌పూల్‌లో వెనక కూర్చున్నాయన దగ్గుతూనే ఉన్నాడు. దిగిపొమ్మనలేను. ఏం చేయను?

రీసర్క్యులేషన్ ఆపి, అద్దాలు కొంచెం దించండి. ఏ అద్దం అన్నది కూడా ముఖ్యమే. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు 2020లో కంప్యూటర్ మోడల్‌తో చూస్తే, ఎవరి పక్క అద్దం వాళ్లు దించుకోవడం కంటే ఎదుటి పక్క అద్దాలు దించడమే కొన్నిసార్లు మేలని తేలింది. మన కార్లలో డ్రైవరు కుడి ముందు, ఆయన ఎడమ వెనక అనుకుంటే, దించాల్సినవి ఎడమ ముందు అద్దం, కుడి వెనక అద్దం. గాలి ఇద్దరి మధ్యా ఒక తెరలా పారుతుంది. నాలుగూ దించగలిగితే అన్నింటికంటే మంచిది. మొహమాటం లేకుండా ఒక మాస్క్ ఆయన చేతిలో పెట్టండి, గ్లవ్‌బాక్స్‌లో నాలుగు ఉంచుకుంటే పోయేదేముంది.

హైదరాబాదులో ఉన్నప్పుడు బాగానే ఉన్నాను. ఇక్కడికొచ్చాక కారులో ఒకటే తుమ్ములు.

పుప్పొడి కావచ్చు. ఖాళీ స్థలాలు, లేఔట్ల నిండా పార్థీనియం మొక్క. మన దగ్గర వయ్యారిభామ అంటాం, ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పుప్పొడి చాలామందికి పడదు. పొద్దున్నే ఆ స్థలాల పక్కనుంచి వెళ్లేటప్పుడు అద్దాలు మూసుకోండి. వారానికోసారి ఫ్లోర్ మ్యాట్లు బయట దులిపి, సీట్లు వాక్యూమ్ చేయండి. ముందద్దం కింద వైపర్ల దగ్గర పేరుకున్న ఎండాకులు తీసేయండి, కారు లోపలికి గాలి వెళ్లేది అక్కణ్నుంచే. పావురాల రెట్ట ఎండిపోతే పొడిగా గోకొద్దు, తడిపి తుడవండి. ఆ ధూళి ఊపిరితిత్తులకి మంచిది కాదు.

బేజ్ సీటుకి జీన్స్ నీలం పట్టింది. థిన్నర్ పెట్టమన్నారు, పెట్టనా?

వద్దు. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ మరకతో పాటు సీటు పైపూతనీ లేపేస్తాయి. లెదర్ క్లీనర్ మెత్తటి బ్రష్ మీద వేసి, నురగతో గుండ్రంగా తిప్పి తుడిచేయండి, రెండు మూడు సార్లు. వారంలోపు మరకైతే పోతుంది. ఏడాదిదైతే లోపలికి దిగిపోయి ఉంటుంది, సగమే పోతుంది. కొత్త జీన్స్ రెండు ఉతుకులయ్యాక వేసుకోండి.

బోరు నీళ్లతో కడిగితే అద్దాలన్నీ తెల్ల మచ్చలు. ఆర్ఓ వేస్ట్ వాటర్ వాడితే?

ఇంకా ఎక్కువవుతాయి. ఆర్ఓ మెషిన్ మంచినీళ్ల నుంచి తీసిన లవణాలన్నీ ఆ వేస్ట్‌లోనే ఉంటాయి. ఇంటి ఏసీ నుంచి కారే నీళ్లు పట్టి ఉంచండి. వాటిలో లవణాలు దాదాపు ఉండవు, చివరి తడిగుడ్డ తుడుపుకి అరబకెట్ చాలు. మచ్చలకి వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి అద్దం మీద రెండు నిమిషాలు ఉంచి కడగండి. పెయింటు మీద వద్దు. నీడలో, బానెట్ చల్లారాక కడగాలి. తాగునీళ్లతో కారు కడగడాన్ని 2024 మార్చిలో బెంగళూరు జలమండలి నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. ఎండాకాలం రాగానే ఆ మాట మళ్లీ వినిపిస్తుంది, కాబట్టి కారు కడిగే అబ్బాయి పైపు ఎక్కడికి తగిలిస్తున్నాడో చూసుకోండి.

వైపర్ ట్యాంకులో షాంపూ ప్యాకెట్ పోయొచ్చా?

షాంపూ గడ్డకట్టి నాజిల్ మూసుకుపోతుంది. అలాగని ఉత్త నీళ్లూ వద్దు. నిలవున్న గోరువెచ్చటి నీళ్లలో లెజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, అద్దం మీద చిమ్మినప్పుడు ఆ తుంపర ఊపిరిలోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. బ్రిటన్‌లో డ్రైవర్లకి ఎక్కువగా ఈ జబ్బు రావడానికి ఉత్త వాషర్ నీళ్లకీ సంబంధం ఉందని 2010లో అక్కడి ఆరోగ్య సంస్థ చెప్పింది. విండ్‌స్క్రీన్ వాషర్ ద్రవం సీసా మీద రాసిన పాళ్లలో కలుపుకోండి.

## వానాకాలం

వానలో అద్దం మసకబారుతోంది. ఏసీ వేయాలా, హీటర్ వేయాలా?

వేలితో రాసి చూడండి. గీత పడితే మసక లోపలుంది: రీసర్క్యులేషన్ ఆపి, ఏసీ వేసి, గాలి ముందద్దానికి తిప్పండి. కొంచెం వేడి కలిపితే ఇంకా త్వరగా పోతుంది. గీత పడకపోతే మసక బయటుంది. ఏసీ చల్లదనానికే అలా అయింది: వైపర్ వేసి, ఏసీ చలి తగ్గించండి. చాలామంది రెండోదానికి మొదటి మందు వేసి ఇంకా పెంచుకుంటారు.

పక్క సీటు కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉంది. ఎక్కణ్నుంచి వస్తోంది?

వాన లేని రోజుల్లో కూడా, ఏసీ వాడాకే తడి వస్తుంటే ఏసీ డ్రెయిన్ గొట్టం మూసుకుంది. కారు కింద నీళ్లు కారడం ఆగిపోయి ఉంటుంది చూడండి. వాన పడినప్పుడే వస్తుంటే తలుపు రబ్బరు, లేదా సన్‌రూఫ్. సన్‌రూఫ్ తెరిచి, చట్రం మూలలో ఉన్న చిన్న రంధ్రం దగ్గర ఒక గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. కాసేపట్లో చక్రాల దగ్గర కిందికి కారాలి. నీళ్లు నిలబడిపోతే ఆకులు అడ్డుపడ్డాయి. ఇనప తీగ తోయొద్దు, లోపలి గొట్టం ఊడిపోతుంది. మెత్తటి నైలాన్ దారం వాడండి.

అసలు తప్పు ఆరబెట్టడంలో జరుగుతుంది. కార్పెట్ పైన పొడిగా అనిపించినా, దానికింది మందపాటి ఫోమ్ స్పాంజిలా నీళ్లు పట్టి ఉంచుతుంది. అంచు లేపి పిడికిలితో నొక్కి చూడండి. నీళ్లు ఊరితే కార్పెట్ ఎత్తి, కింద చిన్న చెక్కముక్కలు పెట్టి, రెండు రోజులు ఫ్యాన్ గాలి తగలనివ్వాలి. లేకపోతే వాసన, తర్వాత తుప్పు, ఆ తర్వాత కింద పోయే వైర్ల కనెక్టర్లు.

అండర్‌పాస్‌లో నీళ్లున్నాయి. ముందు బండి వెళ్లింది, నేనూ వెళ్లొచ్చా?

వద్దు. 2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి ఒక ప్రాణం పోయింది. ఆ కారులో ఉన్నది మన తెలుగు కుటుంబమే. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు, సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి ఉంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. కరెంటు పోకముందే అద్దాలు దించి బయటపడండి.

పండక్కి ఊరెళ్లి రెండు వారాలకి వస్తే స్టీరింగ్ నిండా తెల్ల బూజు. ఏం పెట్టి తుడవాలి?

చేతి చెమట, నూనె పట్టిన చోటే బూజు ముందు వస్తుంది: స్టీరింగ్, గేర్ నాబ్, సీటు బెల్టు. కారు ఎండలోకి తెచ్చి నాలుగు తలుపులూ తెరవండి. ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని చేయొద్దు. వెనిగర్, నీళ్లు సమానంగా కలిపిన గుడ్డతో తుడిచి, మడత మార్చి మళ్లీ తుడవండి. పొడి బ్రష్‌తో కొడితే బీజాలు కారంతా పరుచుకుంటాయి. తర్వాత సబ్బు కలిపిన తడిగుడ్డ, ఆ తర్వాత పొడిగుడ్డ, రెండు గంటల ఎండ. మళ్లీ రాకుండా ఉండాలంటే వెళ్లేముందు తడి మ్యాట్లు, గొడుగు, జిమ్ టవల్ తీసేయండి. సిలికా జెల్ సంచులు అరకిలో దాకా లోపల ఉంచండి. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే చిన్న పొట్లాం కారుకి చాలదు.

బేస్‌మెంట్‌లో ఎలుకలు ఫిల్టర్‌లో గూడు పెట్టాయి. వాక్యూమ్ చేసేయనా?

ఆగండి. ఎలుక మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది, వానాకాలంలో మరీ. ఎండిన పెంటికల్ని పొడిగా ఊడ్చినా, వాక్యూమ్ చేసినా ధూళి లేచి ముక్కులోకి పోతుంది. గ్లవ్స్, మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, గట్టి ప్లాస్టిక్ మీద చల్లి పది నిమిషాలాగి కాగితంతో ఎత్తండి. బట్ట సీటు మీద బ్లీచ్ వద్దు, రంగు పోతుంది. ఫిల్టర్ కవర్లో చుట్టి పారేయండి. గాలి లోపలికొచ్చే దారికి సన్న స్టీలు జాలీ బిగించమనండి. పొగాకు కాడలు, పిప్పర్‌మెంట్ స్ప్రేలు కొన్నాళ్లు పనిచేసినట్టే ఉంటాయి, వాటిని నమ్ముకోవద్దు. నాఫ్తలీన్ ఉండలు మాత్రం గాలి దారిలో పెట్టకండి. ఆ ఆవిరి పిల్లలకి హాని, జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవాళ్లకి రక్తకణాలే చితికిపోతాయి. రెండు రోజులకోసారి బండి కదిలిస్తుండడం అన్నింటికంటే చవక మందు. కారులో చిరుతిండి వదలకపోవడం రెండోది.

## ఊరికి బయల్దేరినప్పుడు

పలమనేరు దాటి మొగిలి ఘాట్ రాగానే మా బాబుకి వాంతి. తిరుమల కొండ సంగతి చెప్పక్కర్లేదు. ఏం చేస్తే ఆగుతుంది?

లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, ఫోన్ చూస్తున్న కన్ను "కదలట్లేదు" అంటుంది. ఆ తగాదాకి కడుపు తిప్పుతుంది. కాబట్టి మలుపులు మొదలవకముందే ఫోన్ లాక్కోండి. వెనక సీటు మధ్యలో, ముందద్దంలోంచి దూరపు రోడ్డు కనిపించేలా, బూస్టర్ (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టే సీటు) మీద బెల్టుతో కూర్చోబెట్టండి. అక్కడ మూడు పాయింట్ల బెల్టు ఉందో లేదో ముందే చూసుకోండి. పెర్ఫ్యూమ్ తీసేయండి. బయల్దేరే ముందు నూనె పూరీలు, పాలు వద్దు, రెండిడ్లీలు చాలు. ఖాళీ కడుపూ మంచిది కాదు.

సగం తప్పు డ్రైవరుది. మలుపులోకి వెళ్లాక బ్రేక్ వేస్తే తల ఒకేసారి ముందుకీ పక్కకీ ఊగుతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపంతా ఒకే వేగంతో తిప్పండి. తిరుమల దిగే పాత ఘాట్ రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి, ఎక్కేటప్పటికంటే దిగేటప్పుడే ఎక్కువమందికి తిప్పుతుంది.

ప్రోమెథజైన్ రకం మాత్రలు బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందు వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేస్తే ఉపయోగం తక్కువ. రెండేళ్లలోపు పిల్లలకి అసలు ఇవ్వకూడదు, పెద్ద పిల్లలకి మోతాదు డాక్టర్ చెప్పాలి. మత్తు వస్తుంది కాబట్టి నడిపేవాళ్లు వేసుకోకూడదు.

పెట్రోల్ కారులో బాగానే ఉండేది, ఎలక్ట్రిక్ కారులో వెనక కూర్చుంటే తిప్పుతోంది.

యాక్సిలరేటర్ వదలగానే రీజెన్ బ్రేకింగ్ (మోటారే బ్రేకులా పనిచేసి బ్యాటరీకి కరెంటు పంపే ఏర్పాటు) బండిని పట్టి లాగుతుంది. నడిపేవాడికి అది ముందే తెలుసు, వెనకవాళ్లకి తెలియదు. ఇంజిన్ చప్పుడూ లేదు కాబట్టి సూచన కూడా అందదు. రీజెన్‌ని అతి తక్కువకి పెట్టి, పాదం మెల్లగా వదలమనండి.

సీటు మీద వాంతి చేసుకున్నాడు. కడిగించినా వాసన పోలేదు.

సీటు కడిగి ఉంటారు, బెల్టు కడిగి ఉండరు. బెల్టు పూర్తిగా బయటికి లాగి, వెనక్కి చుట్టుకోకుండా పైన క్లిప్ పెట్టి, గోరువెచ్చటి నీళ్లు, తేలికపాటి సబ్బుతో తుడిచి, పూర్తిగా ఆరాకే వదలండి. బ్లీచ్ పెడితే దారం బలం పోతుంది. బకిల్‌లోకి నీళ్లు పోయొద్దు, గట్టిపడితే మార్పించండి. సీటు ముందుకి జరిపి కింది పట్టాలు చూడండి, సగం అక్కడే ఎండి ఉంటుంది.

కొత్తగా పడినదైతే పాత ఏటీఎం కార్డుతో గోకి ఎత్తండి, తుడవొద్దు. మిగిలిన తడి మీద వంటసోడా మందంగా చల్లి రాత్రంతా ఉంచి వాక్యూమ్ చేయండి. పాలు కలిసిన వాంతికి పెంపుడు జంతువుల షాపులో దొరికే ఎంజైమ్ క్లీనరే పనిచేస్తుంది, సోడాతో పోదు.

హైదరాబాదు దారిలో నిద్రొస్తే, ఏసీ వేసుకుని కారులోనే పడుకోవచ్చా?

ఇంజిన్ నడుస్తుండగా వద్దు. సైలెన్సర్ గొట్టంలో ఎక్కడైనా లీక్ ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రలో తెలియనే తెలియదు. మూసిన గ్యారేజీలో, గోడకి ఆనించి నిలిపినప్పుడు ఇంకా ప్రమాదం. ఎలక్ట్రిక్ కారులో ఈ భయం లేదు. మిగతావాళ్లు ఎన్‌హెచ్ 44 పక్కన వెలుతురున్న ధాబా ఆవరణలోనో, పెట్రోల్ బంకులోనో నీడ చూసి నిలిపి, ఇంజిన్ ఆపి, నాలుగద్దాలూ రెండంగుళాలు దించి ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకోండి. రోడ్డు పక్క షోల్డర్ మీద మాత్రం ఆపకండి.